డేరా పీకేస్తే తీరిపోతుందా?

(గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

వెనకాల కూర్చున్నవాళ్లకి వినబడుతోందా అండీ? మైకు గరగరమంటోంది. ఆ ఫ్యాను కాస్త తగ్గిస్తే నయం. సరే.

ఎన్నికల హింస గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ మాట అనగానే పల్నాడు గురించి చెబుతాడని మీలో చాలామంది అనుకొని వచ్చుంటారు. నేను కెన్యా గురించి చెబుతాను. పల్నాడు ఎత్తితే ఈ హాలు పది నిమిషాల్లో అటు సగం ఇటు సగం అయిపోతుంది. (నవ్వులు) అదొక కారణం. రెండోది, నేను రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ని. పట్టాలు, అడంగళ్లు, పంచనామాలు, సాయం జాబితాలు, ఇవే నా చదువు. మా మేనల్లుడు నైరోబీలో ఉద్యోగం చేస్తాడు. వాడివల్ల ఆ దేశం మీద ఆసక్తి పుట్టి, అక్కడ 2007లో జరిగినదాని మీద వేసిన విచారణ కమిషన్ నివేదిక చదవడం మొదలుపెట్టాను. ఓట్ల లెక్కింపు దగ్గర మొదలుపెడితే చివరికి భూమి కాగితాల దగ్గర తేలాను. అది నాకు బాగా తెలిసిన ఊరు.

ముందు జరిగింది చెప్పుకుందాం. 2007 డిసెంబరు 27న పోలింగ్. అధ్యక్షుడు మ్వాయ్ కిబాకి ఒకవైపు, రైలా ఒడింగా ఒకవైపు. కిబాకి కికుయు తెగవాడు, కలెంజిన్ తెగలో చాలామంది రైలా వైపు. రైలా 2025 అక్టోబరులో మన కేరళలో, ఆయుర్వేద వైద్యానికి వచ్చి కన్నుమూశారు. పేపర్లో చూసే ఉంటారు. ఆయనే. లెక్కింపు మొదట్లో ఆయన ముందున్నారు. తర్వాత కొన్ని చోట్ల నుంచి ఫలితాలు ఆలస్యమయ్యాయి, అంకెలు మారాయన్న ఆరోపణలు వచ్చాయి. 30వ తేదీ సాయంత్రం కిబాకి గెలిచారని ప్రకటించారు. కాసేపటికే, చీకటిపడే వేళకి, ఆయన భవనంలోనే హడావిడిగా ప్రమాణ స్వీకారం అయిపోయింది. రెండు మూడు రోజులకి, ఆ ఫలితం ప్రకటించిన ఎన్నికల సంఘం అధ్యక్షుడే విలేకరులతో, కిబాకి గెలిచారో లేదో నాకే తెలియదన్నాడు. తర్వాత ఈ ఎన్నికని పరిశీలించిన క్రీగ్లర్ కమిషన్ కూడా ఎవరు గెలిచారో తేల్చడం సాధ్యం కాదని చెప్పింది.

ప్రకటన వెలువడిన గంటల్లోనే తగలబెట్టడాలు మొదలయ్యాయి. జనవరి 1న ఎల్డోరెట్ పట్నం దగ్గర కియంబా అనే ఊళ్లో జనం చర్చిలో తలదాచుకున్నారు. ఎక్కువమంది కికుయు ఆడవాళ్లు, పిల్లలు. ఆ చర్చికి నిప్పుపెట్టారు. జనవరి నెలాఖరులో నకూరు, నైవాషా పట్నాల్లో ఎదురు దెబ్బ తీశారు. ఈసారి చచ్చినవాళ్లూ పారిపోయినవాళ్లూ అవతలి పక్షం తెగలవాళ్లు. రెండు నెలల్లో 1,133 మంది చనిపోయారని ఈ హింస మీద విచారణ జరిపిన జస్టిస్ వాకి కమిషన్ తేల్చింది. అందులో 405 మంది తుపాకీ గుళ్లకి పోయారు. ఊళ్లో కొట్టుకునే జనం చేతుల్లో కత్తులు, బాణాలు, అగ్గిపెట్టెలు ఉంటాయి. తుపాకీ ఎక్కువగా ఎవరి దగ్గర ఉంటుందో మీరే ఆలోచించండి.

ఇల్లు వదిలి పారిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్కలోనే 6 లక్షల 60 వేల పైచిలుకు.

ఇక్కడ ఒక మాట. వీళ్లని తెలుగులో ఏమనాలి? నిర్వాసితులంటే మనకి పోలవరమో శ్రీశైలమో గుర్తొస్తుంది. కాందిశీకులంటే దేశం దాటి వచ్చినవాళ్లు. కెన్యాలో కొన్ని వేలమంది పక్కనే ఉన్న ఉగాండాలోకి దాటారు, వాళ్లు శరణార్థులయ్యారు. వాళ్లకోసం 1951 నాటి ఒప్పందం ఉంది, ఐక్యరాజ్యసమితి సంస్థ ఉంది. సరిహద్దుకి ఇవతలే ఆగిపోయినవాడు సొంత దేశంలోనే ఉన్నాడు కాబట్టి వాణ్ని చూసుకోవాల్సింది వాడి ప్రభుత్వమే. ఆ ప్రభుత్వం కిందే వాడి ఇల్లు కాలింది. సూడాన్ దౌత్యవేత్త ఫ్రాన్సిస్ డెంగ్ ఈ సంగతి మీద ఏళ్లతరబడి పనిచేస్తే, 1998లో ఐక్యరాజ్యసమితి వీళ్లకోసం కొన్ని మార్గదర్శక సూత్రాలు పెట్టింది. అవి సూత్రాలే, చట్టం కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అక్కడ పొరుగువాడు పొరుగువాణ్ని తరిమాడు. తరిమినవాడికి ఓట్లమీద కోపమా? ఓట్లు ఒక సాకు. రిఫ్ట్ వ్యాలీ అని కెన్యా నడిమధ్యన మంచి నేలలున్న ప్రాంతం. తెల్లవాళ్లు వచ్చి అక్కడ పశువులు మేపుకునే మాసాయిలని, కలెంజిన్‌లని పక్కకి నెట్టేసి ఆ నేలలు తీసుకున్నారు. 1915లో చట్టం చేసి 999 ఏళ్లకి లీజులు రాసుకున్నారు. తొమ్మిదివందల తొంభై తొమ్మిది! నా సర్వీసులో 99 ఏళ్ల లీజు ఫైలు చూస్తేనే నాకు కళ్లు తిరిగేవి. ఆ తోటల్లో కూలికి కికుయులనీ మరికొందరినీ తెచ్చుకున్నారు.

1963లో స్వతంత్రం వచ్చింది. నేల ఎవరిదో వాళ్లకి తిరిగిస్తారని కలెంజిన్‌లు ఎదురుచూశారు. కొత్త ప్రభుత్వం మాత్రం అప్పు తెచ్చి తెల్ల దొరల దగ్గర భూములు కొని, కొనుక్కోగలిగినవాళ్లకి అమ్మింది. అమ్మేవాడు ఒప్పుకుంటే, కొనేవాడి దగ్గర డబ్బుంటే బేరం. కికుయులు సంఘాలు పెట్టి, వాటాలు వేసుకుని, రిఫ్ట్ వ్యాలీలో ఎకరాలు కొన్నారు. దేశాధ్యక్షుడు జోమో కెన్యాట్టా కూడా వాళ్ల తెగవాడే కావడం వాళ్లకి కలిసొచ్చింది. కొన్నవాళ్లు తమ కొత్త ఊళ్లకి సొంతూరి పేర్లు పెట్టుకున్నారు. ఇందాక చెప్పిన కియంబా అలాంటిదే. అసలు కియంబా నైరోబీ పక్కన కియాంబులో ఉంది.

మనకిది కొత్త కాదు. కోస్తా నుంచి తుంగభద్ర ఆయకట్టుకి వెళ్లి గంగావతి, సింధనూరు చుట్టూ భూములు కొన్న మన రైతుల ఊళ్లని ఇప్పటికీ అక్కడ క్యాంపులనే అంటారు. మూడో తరం పుట్టినా అది క్యాంపే. హైదరాబాదులో సెట్లర్ అనే మాట ఎన్నికల ముందు ఎంత జోరుగా తిరుగుతుందో మీకు తెలుసు. దేవుడి దయవల్ల మన దగ్గర అది నిప్పు పెట్టేదాకా పోలేదు, కాబట్టి రెండూ ఒకటే అనను. కానీ మాట ఎలా పనిచేస్తుందో చూడండి. కెన్యాలో అటువంటి మాట మడొఆడొఆ. స్వాహిలీలో మచ్చలని అర్థం. మన నేలమీద మచ్చలున్నాయి, తుడిచెయ్యాలి అని నాయకులు సభల్లో అనేవాళ్లు. స్థానిక భాషల రేడియోలూ అదే వేడిని ఇంటింటికీ చేర్చాయి. అరవై ఏళ్ల కిందట డబ్బులిచ్చి కొన్న పట్టా చేతిలో ఉన్నా, వాడు మచ్చే.

ఈ తరమడం కూడా 2007తో మొదలైంది కాదు. 1991లో మళ్లీ బహుళ పార్టీల ఎన్నికలకి తలుపు తెరిచారు, వెంటనే రిఫ్ట్ వ్యాలీలో దాడులు మొదలయ్యాయి. రెండు మూడేళ్లలో దాదాపు 3 లక్షల మంది కదిలిపోయారు. తమకి ఓటెయ్యనివాళ్లని నియోజకవర్గంలో లేకుండా చేస్తే గెలుపు తేలికే కదా. 1994 చివర్లో, క్రిస్మస్ ముందు, మాయెలా అనే చోట ఉన్న శిబిరం నుంచి వేలమందిని రాత్రికి రాత్రి లారీల్లో ఎక్కించి, వాళ్ల 'సొంత' జిల్లాలకని తీసుకెళ్లి స్టేడియాల్లో దింపేశారు. సొంత జిల్లా అంటే వాళ్ల తాతలు పుట్టిన చోటు! శిబిరం పీకేశారు. కాగితం మీద సమస్య తీరిపోయింది. 1997లో ఎన్నికలప్పుడు తీరప్రాంతంలో లికోని వైపు మళ్లీ ఇదే. 2008లో ఎల్డోరెట్ మైదానంలో డేరాల కింద ఉన్న కుటుంబాల్లో కొన్నింటికి అది రెండోసారి, కొన్నింటికి మూడోసారి. ఇల్లు కట్టుకోవడం, ఎన్నికలు రావడం, ఇల్లు కాలడం.

2008 ఫిబ్రవరి 28న ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరింది. కిబాకి అధ్యక్షుడు, రైలా ప్రధాని. నాయకులిద్దరికీ కుర్చీలు దొరికాయి. ఆరున్నర లక్షల మంది డేరాల్లోనూ చుట్టాల ఇళ్లలోనూ ఉన్నారు.

మే నెలలో ప్రభుత్వం 'రుడి న్యుంబాని' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. స్వాహిలీలో ఇంటికి తిరిగిరా అని అర్థం. పేరు బాగుంది. ఇంటికి వెళ్లేవాళ్లకి 10,000 షిల్లింగులు చేతికిచ్చారు, కాలిన ఇల్లు కట్టుకోవడానికి ఇంకో 25,000 అన్నారు. అప్పటి మారకంలో మొదటిది మన డబ్బుల్లో ఆరేడు వేల రూపాయలు. లారీలు వచ్చాయి, మైదానాలు ఖాళీ అయ్యాయి, కొన్ని నెలల్లో ఇన్ని శిబిరాలు మూశామని అధికారులు చెప్పుకున్నారు. శిబిరం మూయడమనేది మాలాంటి అధికారులకి మహా ఇష్టమైన అంకె. కలెక్టరుకి పంపే రిపోర్టులో అదొక్కటే స్పష్టంగా కనిపిస్తుంది.

లారీ దిగినవాళ్లు ఎక్కడికెళ్లారు? చాలామంది తమ పొలాల దగ్గర్లో రోడ్డుపక్కనో పోలీసు ఠాణా పక్కనో మళ్లీ డేరాలు వేసుకున్నారు. పగలు వెళ్లి మొక్కజొన్న కలుపు తీసుకోవడం, పొద్దుగూకగానే డేరాకి వచ్చేయడం. ఇల్లు తగలబెట్టినవాడు పక్క పొలంలోనే ఉన్నాడు. వాడి మీద కేసు లేదు. వాడికి ఎదురుగా రాత్రి పడుకోవాలంటే నిద్రపడుతుందా?

ఇంకో సంగతి నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. 6 లక్షల 60 వేలలో దాదాపు సగంమంది అసలు శిబిరాలకే రాలేదు. చుట్టాల ఇళ్లకి, స్నేహితుల ఇళ్లకి, నైరోబీలోని అద్దె గదులకి పోయారు. వీళ్లని అక్కడ జనంలో కలిసిపోయినవాళ్లన్నారు. మాట వింటే హాయిగా ఉంటుంది, కలిసిపోయారట! శిబిరంలో లేరు కాబట్టి జాబితాలో లేరు. జాబితాలో లేరు కాబట్టి సాయం లేదు. 2013లో, డేరాల్లో చివరిదాకా మిగిలిన కుటుంబాలకి తలా 4 లక్షల షిల్లింగులిచ్చి శిబిరాలు ఎత్తేశారు. 'కలిసిపోయినవాళ్లు' మాకేదీ అని ఆ తర్వాత ఏళ్లకేళ్లు తిరిగారు. వాళ్లలో కొందరికి ఆలస్యంగా, తక్కువగా ముట్టింది.

1996 నవంబరులో కోనసీమ తుపానప్పుడు నేనూ ఎన్యూమరేషన్ డ్యూటీలో ఉన్నాను. స్కూలు వరండాలో పడుకున్నవాళ్ల పేర్లన్నీ రాసుకున్నాం. కూతురింటికి వెళ్లిపోయిన ముసలాయన పదిరోజుల తర్వాత వచ్చి, బాబూ నా పేరు రాశారా అని అడిగాడు. రాయలేదు. జాబితా అప్పటికే మండలానికి పోయింది. నియమం అది. ఆయన అలా నిలబడి ఉన్నాడు, నేను టీ తాగుతున్నాను. ముప్ఫై ఏళ్లవుతోంది కానీ ఆ మొహం పోలేదు. కెన్యా నివేదిక చదువుతుంటే గుర్తొచ్చింది, చెప్పేశాను.

శిబిరాల్లోవాళ్లే కొందరు తమ దారి తాము చూసుకున్నారు. ఇది నాకు నచ్చిన భాగం. ఎల్డోరెట్ నుంచి వచ్చిన కొన్ని కుటుంబాలు ప్రభుత్వమిచ్చిన 10,000 షిల్లింగులు ఖర్చుపెట్టుకోకుండా ఒకచోట పోగేసి, నైరోబీకి వాయవ్యాన మాయి మహియు దగ్గర నేల కొన్నాయి. తాతలు ఎలా సంఘం పెట్టి కొన్నారో అచ్చంగా అలాగే. ఒక సంఘం పేరు వుమిలియా, అంటే ఓర్చుకో. పక్కనే ఇంకోటి జికాజె, అంటే నడుం బిగించు. ఒక్కో కుటుంబానికి వచ్చింది ఇల్లు పట్టేంత స్థలమే, సాగుకి లేదు. నీళ్లు కష్టం. ఎకరాలు వదిలి వచ్చినవాళ్లు గజాల్లోకి వచ్చారు. అయినా కాగితం వాళ్లదే, చుట్టూ ఉన్నవాళ్లూ వాళ్లలాంటి వాళ్లే, రాత్రి పడుకుంటే నిద్రపట్టింది.

తర్వాత ప్రభుత్వమూ భూములు కొని ఇవ్వడం మొదలుపెట్టింది. తలా రెండెకరాల పావు చొప్పున. అయితే కొన్నచోటల్లా స్థానికులు అడ్డుపడ్డారు. మౌ నరోక్‌లో మాసాయిలు, ఇది మా తాతల నేల, మాకే దిక్కులేదు, ఎక్కడివాళ్లనో తెచ్చి పెడతారా అని రోడ్డెక్కారు. తప్పా వాళ్లది? 1915 నాటి లెక్క తేల్చకుండా 2008 నాటి లెక్క ఎలా తేలుతుంది చెప్పండి.

ఈ విషయంలో మూడు దారులుంటాయంటారు. సొంతచోటికి తిరిగి వెళ్లడం, తలదాచుకున్నచోటే స్థిరపడడం, మూడోచోటికి వెళ్లడం. ఏ దారైనా మనిషే ఎంచుకోవాలి, ప్రభుత్వం లారీ పంపి ఎంచకూడదు. కెన్యా 2012లో దీనికో చట్టమే చేసింది. ఆఫ్రికన్ యూనియన్ 2009లో కంపాలాలో ఒక ఒడంబడిక చేసింది, అదీ 2012 డిసెంబరులోనే అమల్లోకొచ్చింది. ఇటువంటి చట్టం మనకి లేదు. ఆఫ్రికాని వెనకబడిన ఖండం అంటూ ఉంటాం కదా, ఈ ఒక్క విషయంలో వాళ్లు మనకంటే ముందున్నారు, కాగితం మీదైనా.

న్యాయం సంగతి? పెద్దతలకాయల మీద కేసు హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకి వెళ్లింది. కికుయుల నాయకుడు, జోమో కొడుకు ఉహురు కెన్యాట్టా మీద కేసు 2014 డిసెంబరులో వెనక్కి తీసుకున్నారు, కలెంజిన్‌ల నాయకుడు విలియం రూటో మీద కేసు 2016 ఏప్రిల్‌లో ఆగిపోయింది. ఇద్దరూ ఆరోపణలు కాదన్నారు, ఏదీ రుజువు కాలేదు. సాక్షులు వెనక్కి తగ్గారు. 2007లో ఎదురెదురు పక్షాల్లో ఉన్న ఆ ఇద్దరూ 2013లో ఒకే జట్టుగా నిలబడి గెలిచారు. ఆ ఏడాది రిఫ్ట్ వ్యాలీ ప్రశాంతంగా ఉంది. పైన ఇద్దరు చేతులు కలిపితే కింద కత్తులు దిగాయి. బాగానే ఉంది. మరి ఆ ఇద్దరూ చెయ్యి వదిలితే అన్న ప్రశ్న అప్పుడు మిగిలే ఉంది. 2022 ఎన్నికల నాటికి వదిలేశారు కూడా. నా వరకు ఒక చిన్న తీర్పు ఎక్కువ విలువైనదనిపించింది. 2020 డిసెంబరులో నైరోబీ హైకోర్టు, ఆ హింసలో అత్యాచారానికి గురైనవాళ్లలో నలుగురికి తలా 40 లక్షల షిల్లింగులు ఇవ్వమంది. దర్యాప్తు చేయకపోవడం ప్రభుత్వం తప్పని చెప్పింది. పన్నెండేళ్లు పట్టింది, అయినా ఎవరో ఒకరు తప్పు అనే మాట రాతపూర్వకంగా అన్నారు.

మన దేశంలో దీనికి దగ్గరగా చెప్పుకోవాలంటే బ్రూలు అనే గిరిజన తెగవాళ్లు. 1997లో మిజోరం నుంచి త్రిపురకి పారిపోయారు. అది ఎన్నికల గొడవ కాదు, తెగల గొడవ. వాళ్లని వెనక్కి పంపాలని ప్రభుత్వం విడతలు విడతలుగా ప్రయత్నించింది. ఎక్కువమంది కదల్లేదు. ఓటు మాత్రం మిజోరంలోనే! 2018లో వాళ్లు శిబిరాల నుంచి ఓటెయ్యాలా, సరిహద్దు దాటి వచ్చి వెయ్యాలా అన్న గొడవలో మిజోరం ఎన్నికల ప్రధానాధికారినే మార్చాల్సొచ్చింది. చివరికి 2020 జనవరిలో త్రిపురలోనే ఉండిపోవచ్చని ఒప్పందమైంది. కుటుంబానికి స్థలం, 4 లక్షల డిపాజిట్, రెండేళ్లు నెలకి 5,000, త్రిపుర ఓటర్ల జాబితాలో పేరు. వాళ్లు ఉన్నచోటే ఉంటామంటున్నారు, ఉండనివ్వండి, అని ఒప్పుకోవడానికి 22 ఏళ్లు!

టైమెంతయింది? ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: సార్, పల్నాడు ఎత్తనన్నారు. అయినా అడుగుతున్నా. 2019లో గుంటూరులో శిబిరం పెట్టారు, 2024లో మాచర్ల వైపు జనం ఊళ్లు వదిలారు. దానికేమంటారు?)

తప్పించుకోనివ్వరన్నమాట. (నవ్వులు) పార్టీల పేర్లు నేను చెప్పను. ఏ ప్రభుత్వం వచ్చినా ఓడినవాళ్లు కొందరు మూటాముల్లె సర్దుకోవడం అక్కడ కొన్ని ఊళ్లలో ఆనవాయితీ అయింది. ఆ మనుషుల్ని ఏ రెవెన్యూ రికార్డులోనూ రాయరు. రాయాలంటే ఏ కాలమ్‌లో రాయాలి? వరద బాధితుడికి కాలమ్ ఉంది, అగ్ని ప్రమాదానికి ఉంది, ఊరు విడిచినవాడికి లేదు. నేను అధికారిగా ఉంటే మొట్టమొదట ఆ కాలమ్ గీస్తాను. ఎవరు, ఏ సర్వే నంబరు, ఎప్పుడు వెళ్లారు, పొలం ఇప్పుడు ఎవరు దున్నుతున్నారు. ఆ ఆఖరి ప్రశ్నకి జవాబు దొరికితే కేసు సగం తేలినట్టే. కెన్యాలోనూ అంతే, వెళ్లినవాడి నేల ఖాళీగా ఉండలేదు.

(మరొకరు: అక్కడ వెనక్కి వెళ్లినవాళ్లు ఇప్పుడు బాగున్నారా?)

కొందరు బాగానే ఉన్నారు, పంటలు పండించుకుంటున్నారు. 2017 సెప్టెంబరులో వాళ్ల సుప్రీంకోర్టు అధ్యక్ష ఎన్నికనే కొట్టేసింది, 2022లో ఓడినవాళ్లు రోడ్డెక్కకుండా కోర్టుకెళ్లారు. ఇవి చిన్న మార్పులు కావు. కానీ మా మేనల్లుడు 2022 ఆగస్టులో ఫోన్ చేసి, "మామయ్యా, నైరోబీ సగం ఖాళీ అయింది, అందరూ ఓట్ల ముందే ఊళ్లకి పోతున్నారు, నేనూ రెండు వారాలకి బియ్యం, పిండి తెచ్చి పెట్టుకున్నాను" అన్నాడు. ఎందుకురా, ఈసారి ప్రశాంతంగానే ఉందంటున్నారుగా అన్నాను. ఇంటి ఓనరు ఎల్డోరెట్ వైపు ఆవిడట. సామాన్లు అప్పటికే సగం మూటలు కట్టేసిందట. ఏమీ జరగలేదు. ఆగస్టు పోయాక మూటలు విప్పుకుంది. మళ్లీ ఎన్నికలు 2027లో.

టీ వచ్చినట్టుంది. లేద్దామా?